ఆఖరి విజిట్ తర్వాత



యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మారకోపన్యాసం అనగానే 1895లో భీమవరంలో మొదలుపెట్టి, మద్రాసు మీదుగా హార్వర్డ్ దాకా కథ నడిపించడం ఆనవాయితీ. ఆ కథ మీలో చాలామందికి కంఠోపాఠం. నేను ఒక మందుల చీటీతో మొదలుపెడతాను. వేళ్ల కీళ్లు వాచి, పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా చేతులు రానివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తారు. డాక్టరు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటాడు, మనం కీళ్లవాతం అంటాం. చీటీ మీద సాధారణంగా మొదట పడేది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దాని కిందే ఫోలిక్ యాసిడ్. మొదటిది శరీరంలో ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది, రెండోది ఆ అడ్డు వల్ల వచ్చే నోటిపూత, వికారం లాంటి వాటిని తగ్గిస్తుంది. ఈ రెండు మందులకూ పుట్టిల్లు ఒకటే. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి పర్యవేక్షణలో పనిచేసిన బృందాలు వాటిని రూపొందించాయి. ఈ సంగతి ఆ చీటీ రాసే డాక్టరుకే చాలాసార్లు గుర్తుండదు.

అదే లెడర్లీ నుంచి వెళ్లిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందే లేదు. ఆ 10 మంది తల్లిదండ్రులు ఏమడిగి ఉంటారో మనం ఊహించుకోవచ్చు: మందు మళ్లీ ఎప్పుడు వస్తుంది? ఎన్నాళ్లు ఇస్తారు? ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. ఆ ప్రశ్నలు పోలేదు. ఒక మనిషి మీద పరీక్షించిన మందు ఆ మనిషికి పనిచేసింది. పరీక్ష అయిపోయింది. రేపటినుంచి ఆ మందు ఎవరివ్వాలి? ఈవేళ నేను మాట్లాడేది దాని గురించే.

నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. రిటైరయ్యాక కొన్నేళ్లు, ట్రయల్స్‌ను పరిశీలించి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీల్లో కూర్చున్నాను. అక్కడ మా ముందుకు వచ్చే ప్రోటోకాల్స్‌లో ఎక్స్‌టెన్షన్ స్టడీలు అనేవి ఒక తరహా. అసలు ట్రయల్ ఆరు నెలలో, ఏడాదో నడుస్తుంది. సగం మందికి కొత్త మందు, మిగతా సగానికి పాత మందు గానీ ఉత్తుత్తి మాత్ర గానీ. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుకూ తెలియదు, పేషెంటుకూ తెలియదు. అది ముగిశాక, ఇష్టమున్న వాళ్లందరికీ అసలు మందే ఇస్తూ మరో రెండేళ్లో, ఐదేళ్లో, ఒక్కోసారి పదేళ్లకు దగ్గరగానో కనిపెట్టి చూస్తారు. ప్రోటోకాల్‌లో ప్రధాన లక్ష్యం అన్నచోట దీర్ఘకాలిక భద్రత అని రాసి ఉంటుంది.

ఆ మాట ఊరికే రాసింది కాదు. దీర్ఘకాలం వాడే మందులకు అనుమతి అడిగేముందు ఎంతమంది మీద ఎంతకాలం పరీక్షించాలన్న దానికి 1994లో అంతర్జాతీయంగా ఒక లెక్క కుదిరింది. ప్రాణాపాయం లేని జబ్బులకు మొత్తం 1500 మంది దాకా, ఆరు నెలల పాటు వాడినవాళ్లు 300 నుంచి 600, ఏడాది వాడినవాళ్లు కనీసం 100. ఆ చివరి అంకె మరోసారి వినండి. జీవితాంతం మింగాల్సిన మాత్ర బజారులోకి వచ్చేనాటికి దాన్ని ఏడాది పాటు వాడిన మనుషులు వంద మందే ఉండొచ్చు. ఇంకో లెక్క నా విద్యార్థులతో ఎప్పుడూ చెప్పించేవాణ్ణి: 300 మందికి మందిచ్చాక ఒక్కరికీ ఫలానా ప్రమాదం రాలేదంటే, ఆ ప్రమాదం లేదని కాదు, వందలో ఒకరికి వచ్చే అవకాశాన్ని మనం ఇంకా కొట్టిపారేయలేమని. అరుదైన హాని, ఆలస్యంగా వచ్చే హాని పట్టుకోవాలంటే మనుషులు కావాలి, ఏళ్లు కావాలి. అందుకే ఎక్స్‌టెన్షన్ స్టడీ.

ఇది కంపెనీ వైపునుంచి. పేషెంటు వైపునుంచి చూద్దాం. మన హైదరాబాద్‌లోని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పనిచేసే ఒక మనిషిని ఊహించుకోండి. నలభై ఐదేళ్లు. కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ రెండేళ్లు వాడాడు, సగమే తగ్గింది. ఒక ట్రయల్‌లో చేరాడు. మూడో నెలకల్లా చక్ పట్టుకుని బిగించగలుగుతున్నాడు. ఓవర్‌టైమ్ కూడా చేస్తున్నాడు. అతని చేతిలో ఉన్న సీసా మీద మందు పేరు లేదు, ఒక నంబరు ఉంది, క్లినికల్ ట్రయల్‌కు మాత్రమే అన్న మాట ఉంది. ప్రతి విజిట్‌కూ పాత సీసా తెచ్చివ్వాలి. ట్రయల్ కోఆర్డినేటర్ మిగిలిన మాత్రల్ని ట్రేలో పోసి రెండు రెండుగా లెక్కపెడుతుంది. ఎనిమిది మిగలాల్సిన చోట పదకొండుంటే ఏ రోజుల్లో మానేశావని అడుగుతుంది. రక్తం తీస్తారు, లివరు, కొలెస్ట్రాల్, తెల్లకణాలు చూస్తారు. దారి ఖర్చులు ఇస్తారు. పొదుపుగా బతికే ఇంట్లో అంత శ్రద్ధగా ఎవరూ అతని రక్తాన్ని చూసి ఉండరు.

పన్నెండో నెలలో అతని ముందు రెండో కన్సెంట్ ఫారం పెడతారు. సంతకం పెడితే మందు కొనసాగుతుంది, పెట్టకపోతే ఆగుతుంది. స్వచ్ఛందంగా పాల్గొంటున్నాను, ఎప్పుడైనా వైదొలగవచ్చు అని ఆ కాగితం మీద రాసి ఉంటుంది. చట్టం ప్రకారం అది నిజమే. కానీ ఆ మనిషికి స్టడీ నుంచి వైదొలగడం అంటే లేత్ నుంచి వైదొలగడం. అతను భద్రత అధ్యయనం కోసం చేరడం లేదు, మందు కోసం వస్తున్నాడు. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఒకే సంతకం మీద రెండు వేర్వేరు అవసరాలు ఆనుకుని నిలబడ్డాయి, అంతే. కమిటీల్లో మేం రక్తపరీక్షల సంఖ్య మీద గంటసేపు వాదించుకునేవాళ్లం. ఈ సంగతికి ఐదు నిమిషాలు కూడా దక్కేది కాదు.

మరి స్టడీలో చేరకుండా మందు మాత్రమే అడిగే హక్కు అతనికి లేదా? మన దేశంలో 2019 మార్చి 19న వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో 27వ నిబంధన సరిగ్గా దీనికే ఉంది. ట్రయల్ డాక్టరు సిఫారసు చేసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే స్పాన్సర్, అంటే ట్రయల్ జరిపించే కంపెనీ, మందును ఉచితంగా ఇవ్వాలి. వినడానికి బాగుంది. షరతులు చూడండి. ఆ జబ్బుకు వేరే చికిత్స లేదని తేలాలి. మందు ఆ మనిషికి మేలు చేసిందని డాక్టరు చెప్పాలి. పేషెంటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆపైన, ట్రయల్ తర్వాత వాడకానికి స్పాన్సర్‌కు ఏ బాధ్యతా లేదని డాక్టరు ధ్రువీకరించాలి, పేషెంటు రాసివ్వాలి.

మన లేత్ కార్మికుడు మొదటి షరతు దగ్గరే ఆగిపోతాడు. కీళ్లవాతానికి వేరే చికిత్సలు లేవని ఎవరంటారు? బయోలాజిక్ ఇంజెక్షన్లున్నాయి. అతని జీతంలో అవి లేవు, అంతే. నిబంధన చికిత్స ఉందా లేదా అని అడుగుతుంది, ఎవరికి అందుతుందని అడగదు. ఇక నాలుగో షరతు సంగతి. స్టడీలో ఉన్నంతకాలం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అదే 2019 నిబంధనల్లో హక్కుగా ఉన్నాయి. స్టడీ ముగిసి, అదే మందు, అదే మోతాదు 27వ నిబంధన కింద తీసుకుంటే ఆ రక్షణ పోతుంది. నిన్నటిదాకా కంపెనీ బాధ్యత, ఇవాళ్టినుంచి నీ బాధ్యత. అందుకే నేను ఎక్స్‌టెన్షన్ స్టడీలకు వ్యతిరేకిని కాను. పేషెంటుకు మందుతో పాటు రక్షణ కూడా ఉన్న చోటు ప్రస్తుతానికి అదొక్కటే. నా అభ్యంతరం దాని గడువు మీద, ఆ గడువు గురించి ముందుగా చెప్పకపోవడం మీద.

రాతలో ఏముందన్నది ఎంత తేడా తెస్తుందో అమెరికా కోర్టుల్లో నడిచిన రెండు కేసులు చూపిస్తాయి. ఆంప్లిజెన్ అనే మందు ట్రయల్‌లో, ఎవరికి ఏది వెళ్తోందో తెలియని డబుల్ బ్లైండ్ భాగం అయ్యాక ఏడాది పాటు మందు ఉచితంగా ఇస్తామని కాగితం మీద ఉంది. కంపెనీ ఇవ్వనంది. 1993లో అప్పీలు కోర్టు ఇవ్వాల్సిందేనంది. మీరు మాటిచ్చారు, వాళ్లు నెలల తరబడి ట్రయల్‌లో ఉండి తమ వంతు చేశారు, ఇది ఒప్పందమే అని. రెండోది పార్కిన్సన్స్ జబ్బుకు మెదడులోకి జీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పంపే ట్రయల్. 2004లో ఆమ్జెన్ కంపెనీ దాన్ని ఆపేసింది. ట్రయల్‌లో మందు పనిచేసినట్టు తేలలేదు, కోతుల్లో మెదడుకు హాని కనిపించింది, కొందరు పేషెంట్లలో యాంటీబాడీలు తయారయ్యాయి అని కారణాలు చెప్పింది. తమకు మేలు జరిగిందని గట్టిగా నమ్మిన కొందరు పేషెంట్లు కోర్టుకెళ్లారు. 2006లో ఓడిపోయారు. కన్సెంట్ ఫారం పేషెంట్లకూ ట్రయల్ జరిపిన యూనివర్సిటీకీ మధ్య కాగితమే తప్ప కంపెనీ ఇచ్చిన మాట కాదంది కోర్టు. రెండో కేసులో కంపెనీ కారణాలు తేలిగ్గా తీసిపారేయదగ్గవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. పేషెంటుకు బాగుందనిపించడం, మందు పనిచేయడం ఎప్పుడూ ఒకటే కాదు.

ఈ మాట మనకు ఇంకోవైపు నుంచి కూడా కావాలి. ఎక్స్‌టెన్షన్ స్టడీ భద్రతను ఎంతవరకు చూడగలదు? టోఫాసిటినిబ్ అనే కీళ్లవాతం మాత్ర కథ చెబుతాను. దాని దీర్ఘకాలిక ఎక్స్‌టెన్షన్‌లో 4 వేల మందికి పైగా చేరారు, కొందరు తొమ్మిదేళ్లకు పైగా వాడారు. ప్రమాదాల రేటు ఏళ్లు గడిచినా పెద్దగా పెరగలేదు. చూసినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కానీ 2012లో అనుమతిచ్చేటప్పుడే అమెరికా ఎఫ్‌డీఏ మరో షరతు పెట్టింది: గుండెజబ్బు ముప్పున్న వాళ్లలో, పాత బయోలాజిక్ మందులతో పోల్చి విడిగా ట్రయల్ చేయాలని. 50 ఏళ్లు దాటిన 4362 మంది. అందరూ మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్లే, సుబ్బారావుగారి మందు ఇక్కడ కూడా మనల్ని వదల్లేదు. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివి టోఫాసిటినిబ్ వాడినవాళ్లలో 3.4 శాతం మందికి వచ్చాయి, పోల్చిన మందుల్లో 2.5. క్యాన్సర్లు 4.2 శాతం, పోల్చిన మందుల్లో 2.9.

ఎక్స్‌టెన్షన్‌కు ఇది ఎందుకు కనబడలేదు? అందులో పోల్చడానికి రెండో గుంపు లేదు కాబట్టి. పైగా మొదటి ఏడాదిలో మందు పడనివాళ్లు, మేలు కలగనివాళ్లు ముందే వెళ్లిపోయారు. మిగిలింది మందు పడ్డవాళ్లు. పదో తరగతి దాకా నిలిచిన పిల్లల మార్కులే చూసి ఒకటో తరగతిలో చేరినవాళ్లందరూ బాగా చదివారనుకోవడం లాంటిది. మన లేత్ కార్మికుడు అయిదేళ్లు క్షేమంగా ఉన్నాడంటే ఆ మందు అతనికి క్షేమమని తెలుస్తుంది. పక్క షెడ్డులో పొగతాగే యాభై ఎనిమిదేళ్ల మనిషికి క్షేమమని తెలియదు. అందుకని, ఎక్స్‌టెన్షన్ స్టడీలో చేరేవాళ్లతో మీరు సైన్సుకు గొప్ప సేవ చేస్తున్నారని అతిగా చెప్పడం నాకు నచ్చదు. సేవ ఉంది. దానికో హద్దు కూడా ఉంది.

ఆ సేవకు విలువ ఉండాలంటే కాగితాలు నిజం చెప్పాలి. ఇది నాచారం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆరాజెన్‌గా పేరు మార్చుకున్న జీవీకే బయోసైన్సెస్ ల్యాబులు ఈ నాచారంలోనే ఉన్నాయి. ఆ సంస్థ నగరంలో మరోచోట జరిపిన జనరిక్ మందుల పరీక్షల్లో ఈసీజీలు తారుమారయ్యాయని ఫ్రెంచి తనిఖీదారులు 2014లో పట్టుకున్నారు. కంపెనీ ఆ నిర్ధారణతో విభేదించింది. మన ప్రభుత్వం కూడా నిరసన తెలిపింది. అయినా 2015లో యూరప్‌లో దాదాపు 700 మందులకు అనుమతులు నిలిపేయాలని అక్కడి ఔషధ సంస్థ సిఫారసు చేసింది. ఆ మందుల వల్ల ఎవరికీ హాని జరిగిన ఆధారం లేదని ఆ సంస్థే చెప్పింది. మరి ఎందుకంత గొడవ? ఆ పరీక్షల్లో ఈసీజీ అంత ముఖ్యమైన కాగితం కూడా కాదు. వలంటీరు గుండె బాగానే ఉందని చూసుకునే మామూలు కాగితం. మామూలు కాగితంలోనే ఇలా ఉంటే ముఖ్యమైన కాగితాన్ని ఎలా నమ్మాలన్నది యూరప్ వాళ్ల ప్రశ్న. ఐదేళ్ల భద్రత అధ్యయనమంటే మొత్తం ఇలాంటి మామూలు కాగితాలే. ట్రేలో మాత్రలు లెక్కపెట్టే ఆ అమ్మాయి మీద ఎంత బరువుందో ఆమెకు జీతమిచ్చేవాళ్లకు తెలుసో లేదో.

మెట్రోలో తార్నాక దగ్గర ఎక్కి ఉప్పల్ వైపు వెళ్తుంటే ఈ చర్చ చరిత్రంతా కిటికీలోంచి కనిపిస్తుంది. ముందు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. 1990ల మొదట్లో ఏ.వి. రామారావుగారి బృందం ఎయిడ్స్ మందు ఏజడ్‌టీని చవగ్గా తయారుచేసే పద్ధతి కనిపెట్టి సిప్లాకు ఇచ్చింది అక్కడే. ఆ ఏజడ్‌టీనే తర్వాత ప్రపంచమంతటా ఈ ప్రశ్నను లేవదీసింది. తల్లినుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకడాన్ని అది 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గించిందని 1994లో తేలింది. ఆ తర్వాత పేద దేశాల్లో గర్భిణుల మీద ట్రయల్స్ జరిగాయి. ట్రయల్ అయ్యాక ఆ తల్లులకు మందెవరిస్తారన్న వివాదం రేగింది. 2000లో, వైద్య పరిశోధనల నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకీ ప్రకటనను సవరించినప్పుడు, అధ్యయనం ముగిశాక అందులో మేలని తేలిన చికిత్స పాల్గొన్నవాళ్లందరికీ అందాలన్న వాక్యం చేరింది. 2004లో ఒక వివరణతో దాన్ని కొంత మెత్తబరిచారు. 2013లో, ఈ ఏర్పాటేమిటో ట్రయల్‌కు ముందే చెప్పాలన్నారు. 2024 సవరణలో మేలు చేసేదీ, తగినంత భద్రమైనదీ అని తేలిన చికిత్సను కొనసాగించే ఏర్పాటు చేయాల్సిందేనని, మినహాయింపు కావాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలని రాశారు. ఇరవై నాలుగేళ్లలో ఒక్క వాక్యం ఇన్నిసార్లు అటూ ఇటూ కదిలింది. మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు మాత్రం ప్రకటనల్లోంచి రాలేదు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టింది, తొలి ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. అరుదైన జన్యు జబ్బులున్న పిల్లల రక్తం పరీక్షకు వచ్చే చోటు. స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ అలాంటి జబ్బే. దానికి మందులు రాకముందు, 27వ నిబంధనలోని వేరే చికిత్స లేదన్న షరతు బాగానే కుదిరేది. కానీ రిస్డిప్లామ్ లాంటి మందు రోజూ, జీవితాంతం తాగించాలి. సీసా ఆరు లక్షల పైన ఉన్న ఆ మందును మన హైదరాబాద్ నాట్కో కంపెనీ 15,900 రూపాయలకు తెచ్చింది. ఆ మందు అసలు కంపెనీ రోష్ పేటెంట్ వాదన 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో కూడా నిలవలేదు. టోఫాసిటినిబ్ కూడా ఇప్పుడు మన మెడికల్ షాపుల్లో రకరకాల పేర్లతో దొరుకుతోంది. స్టడీ తలుపు మూసుకున్నవాళ్లకు జనరిక్ తలుపు తెరుచుకుంది. అయితే ఆ తలుపు దాటినవాళ్ల రక్తం ఎవరు చూస్తున్నారు? ఇబ్బంది వస్తే చెప్పడానికి 2010 నుంచి నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమముంది, 1800-180-3024 అన్న నంబరుంది. కౌంటరు మీద మాత్రలు కొనుక్కునే ఎంతమందికి ఆ నంబరు తెలుసు?

ఎథిక్స్ కమిటీల్లో కూర్చునే చిన్నవాళ్లకు నా సలహా చాలా మామూలుది. ఎక్స్‌టెన్షన్ స్టడీ ఎన్నాళ్లో, ఆ తర్వాత మందు ఎవరిస్తారో, ఎవరూ ఇవ్వకపోతే ఆ సంగతి కూడా మొదటి ట్రయల్ కన్సెంట్ ఫారంలోనే తెలుగులో రాయించండి, ఏడాది తర్వాత వచ్చే రెండో ఫారంలో కాదు. కంపెనీ పేరు, కంపెనీ సంతకం ఉండేలా రాయించండి. వేరే చికిత్స ఉందన్న వాదన వస్తే, ఈ మనిషి జీతానికి ఉందా అని మినిట్స్‌లోకి ఎక్కేలా అడగండి. ఇంకొకటి. ట్రయల్ నుంచి బయటికొచ్చే పేషెంటు చేతిలో చాలాసార్లు ఏ కాగితమూ ఉండదు. ఆఖరి విజిట్ రోజు అతనికో ఉత్తరం ఇప్పించండి. ఏ మందు వాడాడు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, లివరు, కొలెస్ట్రాల్ చివరిసారి ఎంతున్నాయి, ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి. నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రిలో రేపు అతన్ని చూసే డాక్టరు సీసా మీది నంబరు చూసి మందు పోల్చుకోలేడు.